గొంతెత్తినప్పటి కొలత

తోలుకు మెత్తదనాన్ని, ఇనుముకు గట్టిదనాన్ని ఇచ్చి, మనిషి మెడలో ఎవరికీ కనబడని చోట స్వరాన్ని పెట్టిన అల్లాహ్‌కు ముందుగా స్తోత్రం. ఆయన పంపిన ప్రవక్తలందరికీ సలాం. చేతులు వణికే ఈ వయసులో కలం పట్టుకునేపాటి బలం మిగిల్చినందుకు ఆయనకే కృతజ్ఞతలు. ఆయన పేరు తలవకుండా మా నాయన ఏ రోజూ తోలు మీద కత్తి పెట్టలేదు. నేనూ ఆ పేరుతోనే ఈ రాత మొదలుపెడుతున్నాను.

నా పేరు ఖాదర్. చంద్రగిరిలో కోటకు పోయే దారిలో, మసీదు గోడకు ఆనుకుని మా తోలుపని అంగడి ఉండేది. మా నాయన అందులో జట్కా గుర్రాలకు జీనులు కుట్టాడు. నేను నాటకాల వాళ్ళకు ముళ్ళ మెడపట్టీలు కుట్టాను. రాక్షసులు, కోట కావలివాళ్ళు, జాతరలో మొక్కుబడికి వేషం కట్టేవాళ్ళు, వీళ్ళ మెడలే నా బతుకు. డెబ్బైలలో, ఎనభైలలో చిత్తూరు జిల్లాలో వీధినాటకం చూసినవాళ్ళు నన్ను చూసి ఉండరు గానీ నా ముళ్ళు చూసే ఉంటారు.

ఇప్పుడు తిరుపతిలో వేషసామగ్రి అంగడి పెట్టిన అన్నదమ్ములిద్దరు మొన్న మా ఇంటికి వచ్చారు. "తాతా, పట్టీ ఎట్టా సేయాల్నో రాసియ్యి" అన్నారు. తోలు ఎలా నానబెట్టాలి, రేకు ఎంత మందం ఉండాలి అనేవి ఒక్క పూట పక్కన కూర్చుంటే చేతితో చూపిస్తాను. చేతితో చూపించలేనివి కొన్ని ఉన్నాయి. అవి రాస్తున్నాను.

కుక్క మెడ నుంచి

శేషాచలం కొండల కింద గొర్రెలు మేపేవాళ్ళకు అప్పట్లో చిరుతల భయం ఉండేది. చిరుత ముందుగా మంద కాసే కుక్క గొంతు పడుతుంది. అందుకని కుక్క మెడకు ఇనుప ముళ్ళు దిగ్గొట్టిన తోలుపట్టీ కట్టేవాళ్ళు. జట్కాలు తగ్గిపోతున్న ఆ రోజుల్లో మా నాయనకు ఆ పట్టీలే ఆధారం. అంగడి ముందు కొయ్యకు ఎప్పుడూ నాలుగు వేలాడుతుండేవి.

ఒకరోజు మునిరత్నం వాద్యార్ వచ్చాడు. మా వైపు నాటకం నేర్పే గురువును వాద్యార్ అంటారు. పాకాల దిక్కు ఒక పల్లెలో ఆయన వీధినాటకం ఆడించేవాడు. వెంట చెంగల్రాయప్ప ఉన్నాడు. ఆ నాటకంలో రాక్షసరాజు వేషం ఆయనదే. ఆరడుగుల మనిషి, ఎద్దు మెడ. మామూలుగా మాట్లాడినా పక్క వీధిలో పడుకున్న కుక్కలు లేచి కూర్చునేవి.

వాద్యార్ కొయ్యకున్న పట్టీలను చూసి అలాగే నిలబడిపోయాడు.

"సాయిబూ, ఇట్టాంటిది మనిషికి సేసిస్తావా?"

"ఏ మనిషికి?" అన్నాడు మా నాయన.

"ఇదో, ఈ మనిషికే. రాక్షసుడంటే సూసేవోళ్ళకు భయం పుట్టాల గదా. మేము అట్టతో ముళ్ళు సేసి అతికిస్తా ఉండాం. సెమటకు నాని వాలిపోతా ఉండాయి. పోయినేడు పిల్లోళ్ళు ఎండు మిరపకాయలని నవ్వినారు."

చెంగల్రాయప్ప మొహం ఎర్రబడింది. "ఏం వాద్యారూ, కుక్కకేసేది తెచ్చి నా మెడకేస్తావా? ఇది సూస్తే నా పెండ్లాం నాకు వాకిట్లోనే కూడు పెడతాది."

మా నాయన కుడుతున్న జీను మీది నుంచి తలెత్తలేదు. "సిరత కుక్క గొంతు పట్టకుండా ఉండేదానికి ఇది సేస్తా ఉండా సామీ. నీ గొంతు కుక్క గొంతు కంటే తక్కవదా?"

చెంగల్రాయప్ప ఒక్క క్షణం తేరిపార చూసి పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకు కొయ్యకున్న పట్టీలు ఊగాయని మా నాయన బతికినన్నాళ్ళూ చెప్పుకున్నాడు.

తరువాత జరిగింది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. మా నాయన కొలతకు వాడే సన్నటి తోలువారు తీసి ఆయన మెడకు చుట్టి, మాట్లాడించి, గోటితో ఒక గీత పెట్టాడు. తరువాత "ఇప్పుడు పాడు" అన్నాడు.

"ఈడనా?"

"ఈడనే. నీ పద్యంలో యాడ గొంతు ఎక్కువ లేపుతావో ఆడ ఎత్తుకో."

ఆయన ఎత్తుకున్నాడు. మెడనరాలు తాళ్ళలా లేచాయి. తోలువారు మా నాయన వేళ్ళ సందున మెల్లగా జారింది. జారడం ఆగిన చోట ఆయన రెండో గీత పెట్టాడు. "పాడేవాడికి మెడలు రెండుంటాయి ఖాదరూ. మాట్లాడేటప్పుడు ఒకటి, గొంతెత్తినప్పుడు ఒకటి. మనం కుట్టేది రెండోదానికి" అన్నాడు. నేను తల ఊపాను. విన్నాననే అనుకున్నాను.

రేకు ముళ్ళు

మొదటి పట్టీకి ఇనుప ముళ్ళే కొట్టాం. అది తప్పని మొదటి ఆటలోనే తెలిసింది. పెనుగులాటలో కథానాయకుడి భుజం చీరుకుపోయింది. పసుపు అద్ది ఆట కానిచ్చారు. ఆ తరువాత మా నాయన వనస్పతి డబ్బాల రేకు కత్తిరించి, పొట్లంలాగా చుట్టి, సీసం కరిగించి మాటు వేసి ముళ్ళు చేశాడు. లోపల మైనం, రంపపు పొట్టు కలిపి కూరితే సొట్టపోవు. కొన మీద ఆవగింజంత మాటుచుక్క పెడితే గుచ్చుకోవు. పైన వెండిరంగు పూస్తే పది గజాల నుంచి చూసేవాడికి ఇనుమే. లోపలి వైపు పాత దుప్పటి మెత్త. వెనక లాగుముడి. వేషగాడు ఒక్క చేత్తో లాగితే పట్టీ ఊడి రావాలి.

ఈ పని మీద మా మసీదు జమాత్‌లో ఒకరిద్దరు గొణిగారు. నాటకాల రాక్షసులకు సొమ్ములు చేయడం మనకు తగునా అని. మా నాయన వాదించకుండా నేరుగా హజ్రత్ దగ్గరికి పోయాడు. మా మసీదులో నమాజు చదివించే ఆ పెద్దాయన దగ్గరే నేను అరబ్బీ అక్షరాలు దిద్దాను. ఆయన పట్టీని చేతిలోకి తీసుకుని, లోపలి మెత్తను బొటనవేలితో రుద్ది చూశాడు. ఆయన ఉర్దూలో అన్న మాటను తెలుగులో రాస్తున్నాను: "నువ్వు చేసింది మనిషి మెడకు వేసే తోలు. మెడ నొవ్వకుండా చెయ్యి. దాని గురించి నిన్ను అడుగుతారు." ఎవరు అడుగుతారో ఆయన చెప్పలేదు, మా నాయనా అడగలేదు.

అందరికీ ఒకే మెడ

మా నాయన పోయాక అంగడి నా చేతికి వచ్చింది. దేవుడి దయవల్ల పేరు కూడా వచ్చింది. ఆ పేరు విని మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీ మనిషి వచ్చాడు. కావలివాళ్ళ వేషాలకు వారంలో ముప్పై పట్టీలు కావాలన్నాడు. మెడల కొలతలు అడిగితే నవ్వాడు. "అందరికీ ఒకే సైజు పెట్టు బాయ్. మాట్లాడేదీ లేదు, పాడేదీ లేదు. వచ్చి తన్నులు తిని పడిపోతారు." లాగుముడులు పాతకాలపువని తనే ఇత్తడి బకిల్స్ ఇచ్చాడు.

చేసిచ్చాను. ఎవరూ తిరిగి వచ్చి తిట్టలేదు. అదే నన్ను చెడగొట్టింది. మెడకు తోలువారు చుట్టి, దానికి రెండు వేళ్ళ వెడల్పు కలిపితే ఏ మెడకైనా సరిపోతుందని నాకు నేనే ఒక లెక్క కట్టుకున్నాను. మా నాయన ప్రతివాడినీ నిలబెట్టి పాడించడం ఆయన ముచ్చట కోసమేమో అని కూడా అనుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

అసర్ నమాజు వేళ

ఆ వేసవిలో చెంగల్రాయప్ప కొత్త పట్టీ కోసం వచ్చాడు. మా నాయన చేసిన దాని తోలు పెళుసుబారి పగిలింది. మనిషి కూడా కొంచెం తగ్గాడు. యాభై దాటాయి.

"అబ్బోడా, ఈసారి గట్టిగా కుట్టాల. నాటకం కమిటీ పెద్ద గురవయ్య ఉండాడే, ఆయప్ప మేనల్లునికి నా వేషం మీద కన్ను పడిండాది. ముసిలోడి గొంతు పోయిందని ఊరంతా చెప్పిపెట్టినాడు. ఆకరు దినం రాగం నిలబెడితే వేషం నాది. లేకపోతే వానిది."

ఆ రాగం సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళో నాటకం పది రోజులు. ఆఖరి రోజు పట్టపగలు మైదానంలో సంహారం జరుగుతుంది. రాక్షసరాజు మట్టిదిబ్బ ఎక్కి చివరి పద్యం పాడి రాగం తీస్తాడు. ఆ రాగం ఆగేవరకు కథానాయకుడి గద దిగకూడదు. అది వాళ్ళ కట్టుబాటు. చెంగల్రాయప్ప రాగం తీస్తుంటే గద ఎత్తినవాడి చెయ్యి నొప్పి పుట్టి, మెల్లగా భుజం మార్చుకునేవాడు. జనం ఆ భుజం మారడం కోసం కాచుకుని, మారగానే ఈలలు వేసేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఆ మనిషికి ఊళ్ళో ఉన్న మర్యాదంతా ఆ రాగమే.

నేను తోలువారు తీసుకునే సరికి గోడ అవతల అసర్ నమాజుకు, అంటే పొద్దు వాలేటప్పటి ప్రార్థనకు, జనం నిలబడుతున్నారు. నేను ఎప్పుడూ మొదటి వరసలో, హజ్రత్ వెనకే నిలబడేవాడిని. ఆ చోటు నాదని అందరికీ తెలుసు. చెంగల్రాయప్ప గోడ వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మీ నాయన పాడించి కొలిసేవాడు. ఇప్పుడు నమాజు జరగతా ఉండాది గదా. నేను గొంతెత్తితే మీవోళ్ళకు ఇబ్బంది. అయిపోయేదాకా అరుగు మీద కూసుంటా, పోయిరా."

ఆయన మా ప్రార్థనకు ఇచ్చిన మర్యాద అది. నాకు మొదటి వరస పోతుందన్న తొందర ఒకటి, తిరిగి వచ్చి మళ్ళీ కొలవాలన్న బద్ధకం ఒకటి.

"అక్కరలేదన్నా. నాకు లెక్క తెలుసు" అన్నాను. మాట్లాడని మెడకు తోలువారు చుట్టి, గీత పెట్టి, రెండు వేళ్ళు కలిపి, ఆయనను పంపేసి పరుగెత్తాను. మొదటి వరస దొరికింది.

సంహారం నాడు

నా పని చూసుకుందామని ఆ ఆఖరి రోజు నేనూ పోయాను. పట్టీ చాలా బాగుంది. ఎండకు ముళ్ళు తళతళలాడుతుంటే ఆడవాళ్ళు పిల్లలను వెనక్కి లాక్కున్నారు. నాకు గర్వంగా ఉండింది.

మైదానమంతా పరుగెత్తించారు. తోలు చెమటకు తడిసింది, ఎండకు బిగిసింది. చెంగల్రాయప్ప దిబ్బ ఎక్కి పద్యం ఎత్తుకున్నాడు. బాగానే సాగింది. రాగం లేపాడు. అక్కడ మెడ ఉబ్బాలి. ఉబ్బడానికి చోటు లేదు. స్వరం చీలి, కీచుమని, ఆగిపోయింది. చెయ్యి వెనక్కి పోయింది. లాగడానికి ముడి లేదు, సినిమా పట్టీల్లో మిగిలితే నేను పెట్టిన బకిల్ ఉంది. చెమట వేళ్ళకు అది రాలేదు.

రాగం ఆగింది కాబట్టి గద దిగాలి. దిగింది. రాక్షసుడు పడిపోయాడు. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తరువాత గురవయ్య గొంతు వినబడింది.

"ఏందప్పా, ఏనుగు మాదిరి మనిషి పిల్లికూత కూసి సచ్చినాడు!"

మైదానమంతా నవ్వింది.

నేను పరుగెత్తి పట్టీ విప్పాను. మెడ చుట్టూ ఎర్రటి గాడి పడి ఉంది. ఆయన లేవలేదు. ఆకాశం వైపు చూస్తూ, "నా గొంతు పోయింది అబ్బోడా. నిజంగానే పోయింది" అన్నాడు.

ఆ గాడి నా కళ్ళ ముందే ఉంది. నేను అన్న మాట ఇది: "ఎండదెబ్బ అన్నా."

మూడు శుక్రవారాలు

మర్నాడే గురవయ్య వేషం తన మేనల్లుడిదని చాటుకున్నాడు. కమిటీ కూర్చుని అవుననడమే మిగిలింది. చెంగల్రాయప్ప మడక దున్నేటప్పుడు ఎద్దులను కూడా అదిలించడం లేదని, కట్టెతో తట్టి నడుపుతున్నాడని వాద్యార్ అంగడికి వచ్చి చెప్పాడు. నేను విని, తల వంచుకుని, రేకు కత్తిరించుకున్నాను. నిజం చెబితే నాటకాల వాళ్ళెవరూ నా అంగడి ఎక్కరని భయం.

మూడో శుక్రవారం హజ్రత్ కొలతల గురించి ప్రసంగం చేశాడు. తనకు కావాల్సినప్పుడు నిండుగా కొలుచుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్ళకు ఖురాన్‌లో ఉన్న హెచ్చరిక అది. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ అది బియ్యం అంగడి వాళ్ళకు, గుడ్డలు కొలిచేవాళ్ళకు అనుకునేవాడిని. ఆ రోజు మొదటి వరసలో కూర్చుని ఉంటే నా వేళ్ళు వాటంతట అవే దగ్గరగా ముడుచుకున్నాయి. నేను కలిపిన ఆ రెండు వేళ్ళు.

అందరూ పోయాక హజ్రత్‌కు అంతా చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు.

"ఆ రోజు నువ్వు నమాజుకు పరుగెత్తావా, వరసకు పరుగెత్తావా?"

నేను నా రెండు వేళ్ళ వైపు చూసుకున్నాను.

"అక్కడ చెప్పాల్సిన మాట నాకెందుకు చెబుతున్నావు? పో."

బడి వసారాలో

నేను వాళ్ళ ఊరికి పోయేసరికి కమిటీ బడి వసారాలో కూర్చుని ఉంది. చెంగల్రాయప్ప కింది మెట్టు మీద ఉన్నాడు. నిలబడే చెప్పాను. కొలత తప్పని, తొందరపడ్డానని, బకిల్ పెట్టింది కూడా నేనేనని, ఎండదెబ్బ అని అబద్ధమాడానని.

గురవయ్య నమ్మలేదు. "ఎవురు నేర్పించి పంపినారు సాయిబూ నిన్ను? తోలు తోలే గదా. గొంతునేం సేస్తాది?"

"సూపిస్తా" అన్నాను. మా నాయన ఆయన మెడకు గీతలు పెట్టి దాచిన పాత తోలువారు తెచ్చుకున్నాను. మెట్టు మీద కూర్చుని చెంగల్రాయప్ప మెడకు చుట్టాను. "అన్నా, ఒక్కసారి ఎత్తు."

"వద్దబ్బోడా. ఉన్న మర్యాద కూడా తియ్యొద్దు."

"నీ గొంతు పోలేదన్నా. నేను పట్టుకున్నా. ఇప్పుడు వదిలినా. ఎత్తు."

వాద్యార్ పక్కన కూర్చుని తాళం మెల్లగా తట్టాడు. చెంగల్రాయప్ప కళ్ళు మూసుకుని లోగొంతుతో మొదలుపెట్టాడు. బొంగురుగా ఉంది. రెండో చరణానికి బొంగురు పోయింది. రాగం లేచింది. నా వేళ్ళ సందున తోలు జారడం మొదలైంది. మా నాయన చేతిలో చూసినదే గానీ, అంతవరకు నా చేతితో నేను ఎన్నడూ ఎరగను. లోపలి నుంచి ఏదో నా వేళ్ళను నెట్టుకుంటూ పైకి వస్తున్నట్టు ఉండింది. నేను బిస్మిల్లా అనుకున్నాను. తోలువారు మా నాయన పెట్టిన రెండో గీత దగ్గరికి వచ్చి ఆగింది. సరిగ్గా అక్కడే. ఇన్నేళ్ళ తరువాత కూడా.

రాగం ఆగలేదు. బడిపిల్లలు బయటికి వచ్చి నిలబడ్డారు.

గురవయ్య లేచి వచ్చి రెండు గీతల మధ్య తన వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. మూడున్నర వేళ్ళు. నేను కలిపింది రెండే. మళ్ళీ పెట్టి చూసుకున్నాడు. "సరే లేప్పా, వచ్చే ఏడు ఆయప్పే కడతాడు. మావోడికి ఇంగా మెడ రావాల" అన్నాడు. వాద్యార్ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

అనుకున్నట్టే రెండు నాటక బృందాలు నా దగ్గరికి రావడం మానుకున్నాయి. గొంతు పిసికే సాయిబు అని పేరు పెట్టారు. సంతలో నన్ను చూసి మెడ తడుముకునేవాళ్ళు. ఆ పేరు పోవడానికి నాలుగేళ్ళు పట్టింది. పెట్టుకోదగిన పేరే.

చెంగల్రాయప్ప ఆ తరువాత కొలతకు వచ్చినప్పుడల్లా నమాజు అయ్యేదాకా అంగడి అరుగు మీద బీడీ ఆర్పేసుకుని కూర్చునేవాడు. నేను వెనక వరసలో చదువుకుని వచ్చేవాడిని. అప్పుడు పాడేవాడు. మసీదు నుంచి వచ్చేవాళ్ళు చెప్పులు తొడుక్కుంటూ ఆగిపోయేవాళ్ళు. ఒకసారి హజ్రత్ కూడా చేతికర్ర మీద ఆనుకుని చివరిదాకా నిలబడ్డాడు. మరుసటి వేసవి సంహారం నాడు గద ఎత్తినవాడు భుజం రెండుసార్లు మార్చాడు. ఆ ఈలలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. ఆ మైదానం, ఆ ఎండ, వెండిరంగు వాసన, మళ్ళీ ఒక్క పూట దొరికితే చాలనిపిస్తుంది.

తిరుపతి అన్నదమ్ములకు నా పనిముట్లన్నీ ఇచ్చేశాను. ఇప్పుడు ప్లాస్టిక్ ముళ్ళు వచ్చాయి, అతికించే బంకలు వచ్చాయి, మంచివే, వాడుకోండి. ఈ రాతతోపాటు రెండు గోటిగీతలున్న ఆ తోలువారు కూడా పంపిస్తున్నాను. గోడకు తగిలించండి. తొందరలో ఉన్న రోజు దాని వైపు చూడండి.

ఇది చదివినవాళ్ళు దేవుడిని ఏ పేరుతో పిలుచుకున్నా సరే, నాతోపాటు ఒక్క క్షణం చేతులెత్తండి. రెండో గీత నేర్పిన మా నాయనను, కర్ర మీద ఆనుకుని విన్న హజ్రత్‌ను, అరుగు మీద ఓపికగా కూర్చున్న చెంగల్రాయప్పను ఆయన తన దయలో ఉంచాలని అడగండి. రేపు నన్ను కొలిచే రోజున, నేను ఆ మనిషిని కొలిచినట్టు కొలవవద్దని, మా నాయన కొలిచినట్టు కొలవమని నా కోసం వేడుకోండి. ఆమీన్ అనండి.